ఇద్దరికీ తెలియనిది

మా అన్న కొడుకు ఇంజనీరింగు కాలేజీ సెలవులకు ఖమ్మం వచ్చి, ముగ్గురు స్నేహితులను వెంటేసుకుని మా భోజనాల బల్లను ఆక్రమించాడు. బల్ల నిండా కాగితాలు, పెన్సిళ్లు, ఎప్పుడూ చూడని రకం పాచికలు. ఒక్కోదానికి ఒక్కో లెక్కన ముఖాలున్నాయి. నేను చాయ్ పట్టుకుపోయేసరికి మావాడు గొంతు తగ్గించి చెబుతున్నాడు. "తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఎవరో ఊపిరి తీస్తున్న చప్పుడు. ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

నేను గ్లాసులు బల్ల మీద పెట్టి అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇదేం ఆటరా అని అడిగాను. ఒకడు కథ లాంటిది ఆంటీ అన్నాడు. ఇంకొకడు కాదు, వేదిక లేని నాటకం అన్నాడు. పాచికలున్నాయి కాబట్టి ఆటే అని మూడోవాడు తేల్చాడు. మరి గెలిచేదెవరు అంటే నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. బొంబాయి నుంచి ఎవరో పంపిన పుస్తకానికి జిరాక్సు ఉందట, అందులో చూసి చెబుతామన్నారు. నాకు లోలోపల కొంచెం సంతోషమే అయింది. వాళ్లు పుస్తకంలో వెతుకుతున్నది నాకు ఎప్పుడో తెలుసు. జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట, పాత చీరల బొంత చుట్టూ కూర్చుని నేను ఆ ఆట ఆడాను. ఆడించిన ముసలామె పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

ఆమె పేరు నాకు తెలుసు, కానీ రాయను. అడవి సంగతి మాట్లాడేటప్పుడు ఎవరి సొంత పేరూ పైకి అనకూడదన్నది ఆమె పెట్టిన మొదటి షరతు. ఆ ఊళ్లో హిందువులం, ముస్లిములం అందరం ఆమెను ఖాలా అనేవాళ్లం. అంటే పిన్ని. నేనూ అట్లాగే అంటాను.

ఎనభైల మొదట్లో నాకు ఆ ఊరి బడికి టీచరుగా పోస్టింగు వచ్చింది. నేను కిరాయికున్న లైను ఇళ్లలో చివరిది ఖాలాది. భర్త పోయాడు, కొడుకు కొత్తగూడెంలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. ఈమె మాత్రం ఊరు కదలకుండా బొంతలు కుట్టి బతికేది. ఇళ్లవాళ్లు పాత చీరలు, ధోవతులు మూటగట్టి ఇచ్చేవాళ్లు. వాటిని పొరలు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, నాలుగు పక్కల నలుగురు కూర్చుని అంచుల నుంచి మధ్యకు కుట్టుకుంటూ రావాలి. ఆ నాలుగు పక్కలకు ఆమెకు మనుషులు కావాలి. ఒంటిపూట బడి రోజుల్లో మధ్యాహ్నాలు, మామూలు రోజుల్లో ఆదివారాలు నేనొక పక్కన కూర్చునేదాన్ని. అటవీశాఖ రేంజి ఆఫీసు క్లర్కు భార్య ఇంకో పక్క. ఆమెది మధిర వైపు, నేను వదినా అని పిలిచేదాన్ని. మూడో పక్క సరోజ, ఆమె పేరు మాత్రం రాయక తప్పదు, ఎందుకో చివర తెలుస్తుంది. నాలుగో పక్క ఖాలా.

ఆమెను తలచుకుంటే నాకు ముందు కనిపించేది పెదవుల మధ్య పట్టుకున్న పెద్ద సూది. జర్దా పాన్ ఒక బుగ్గన, సూది రెండో వైపున. ఆ రెంటి మధ్య నుంచే మాటలు వచ్చేవి, ఒక్క అక్షరం చెడకుండా. ప్రశ్న అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం సూది నోట్లోంచి తీసేది. సూది బయటికి వచ్చిందంటే మా వంతు వచ్చిందన్నమాట.

మొదటి రోజు నన్ను అడిగింది, నువ్వెవరు అని. టీచర్ని కదా ఖాలా అన్నాను. ఈడ గాదు, ఆడ అని బొంత మధ్యన ఉన్న ఆకుపచ్చ ముక్కను చూపించింది. అడవిలోకి ఎవరూ తమ పేరుతో, తమ మనిషిగా పోకూడదట. అక్కడ నేనెవరో నేనే చెప్పుకోవాలి. పొద్దంతా పిల్లలకు నీతులు చెప్పే నోటికి ఎట్లా వచ్చిందో గానీ, దొంగను అన్నాను. ఖాలా నవ్వలేదు. దొంగ పేరేంది, ఎవరికి భయపడతాడు, చంకలో ఏముంది అని అడిగి అన్నీ నాతోనే చెప్పించింది. వదిన గోదావరి మీద పడవ నడిపేవాడినంది. అడవిలోకి పడవెందుకమ్మా అని మేమంటే, వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని ఆ పడవను చెట్ల మధ్యనుంచి ఈడ్చుకుంటూ నెలలపాటు తిరిగింది. సరోజ తేనె తీసేవాడు. పేరు ఎంకన్న.

"చూడు టీచరమ్మా," అంది ఖాలా. "అడవి నేను చెప్త. చెయ్యి నువ్వు చెప్పు. ఇద్దరికి తెల్వంది గవ్వలు చెప్తయ్. గంతే."

అంతే నిజంగానే. దారి పక్కన ఎడ్లబండి ఆగి ఉందని, బండివాడు కళ్లు మూసుకుని ఉన్నాడని ఆమె చెబుతుంది. నేను మూట లాగుతానని చెబుతాను. వాడు నిద్రపోతున్నాడా, నిద్ర నటిస్తున్నాడా? అది ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. అప్పుడు జర్దా డబ్బాలోంచి గవ్వలు వచ్చేవి. బొంత మీద వేస్తే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి ఆమె మిగతాది చెప్పేది. ఒకసారి నేను తొందరపడి, వాగు లోతెంతో గవ్వలేసి చూద్దామన్నాను. నా చేతి మీద ఒక్కటి వేసింది. లోతు నాకు ఎరికె, ఎరికైనదానికి గవ్వలు వెయ్యొద్దు, అది దొంగతనం అంది. దొంగ వేషంలో ఉన్నదాన్ని, అయినా సిగ్గుపడ్డాను.

ఇంకో సంగతి. మాకేమనిపిస్తున్నదో ఆమె ఎన్నడూ చెప్పేది కాదు. ఎలుగుబంటి ఎదురైందని చెబుతుంది, దాని పంజాలో ఇరుక్కున్న పుట్టమన్ను కూడా చెబుతుంది. మాకు భయమేసిందని మాత్రం చెప్పదు. ఎందుకని అడిగితే, అది నీ సొమ్ము, నేనెట్ల ముట్టుకుంట అంది. నువ్వు ఫలానా పని చెయ్యలేవు అని కూడా అనేది కాదు. ‘ఆఁ, గట్లనా’ అని సూది గుడ్డలోకి దింపేది. ఆ ‘గట్లనా’ విన్నాక మేము ఎన్నిసార్లు మనసు మార్చుకున్నామో.

ఇది ఏమిటని అప్పుడే మాలో వాదన పడింది. మా ఆయన ఎరుకలవాళ్లు చెప్పే సోది అని ఎగతాళి చేసేవాడు. మా హెడ్మాస్టరుగారు విని, పనిలేనివాళ్ల నాటకమన్నారు. గెలిచేదెవరో తేలకుండా ఇదేం ఆట అని వదిన గొణిగేది, గొణుగుతూనే అందరికంటే ముందొచ్చి కూర్చునేది. నేను చాలా రోజులు ఆలోచించాను. కథయితే చెప్పేవాళ్లకు చివర తెలిసి ఉండాలి, ఇక్కడ ఖాలాకూ తెలియదు. నాటకమయితే చూసేవాళ్లుండాలి, ఇక్కడ చూసేవాళ్లే లేరు. పచ్చీసు ఆట అయితే గడి దాటాక ఆలోచించనక్కర్లేదు, ఇక్కడ దాటిన వాగు నీళ్లు ఇంకా కాళ్లకు తగులుతుంటాయి. చివరికి నాకు తోచింది ఒక్కటే. ఇది ఒకరి మాట మీద ఇంకొకరు నడవడం. ఆమె అక్కడ బండ ఉందంటే మేము బండ ఉందనే అడుగు వేస్తాం. ఆ నమ్మకం పోతే మిగిలేది నలుగురు ఆడవాళ్లు, ఒక బొంత.

ఇంత అడవి చెప్పే మనిషి అడవిలో కాలు పెట్టి ఎరగదు. ఊరి చివర కల్వర్టు ఉండేది, దానికి అవతల చెట్లు. ఖాలా ఆ కల్వర్టు దాటేది కాదు. కట్టెలు కూడా కొనుక్కునేది. పులిని పులి అనకుండా పెద్దాయన అనేది. మరి ఇదంతా నీకెట్లా తెలుసంటే, అడవి నాది గాదు, మా అత్త ఇచ్చి పోయింది అనేది. అత్త కూడా బొంతలు కుట్టిన మనిషే. ఆమె ఆడించినప్పుడూ ఇదే వాగు, ఇదే వంపు, ఇదే చీలిన బండ అట. అత్తకు ఎవరిచ్చారో ఖాలాకు తెలియదు.

నేను దెయ్యాలను నమ్మను. సైన్సు పాఠం చెప్పి జీతం తీసుకున్నదాన్ని. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. పని అయ్యాక లేవబోయే ముందు ఖాలా ఒక్కొక్కరినీ ఇల్లు చేరినవా అని అడిగేది. చేరిన అనాలి. అన్నాకే దారం ముడివేసి కొరికేది, చెంబుతో నీళ్లిచ్చేది. ఒకనాడు వదిన ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చి, ఆ మాట చెప్పకుండానే పరుగెత్తింది. ఆ బొంత మర్నాడు కొనుక్కున్నవాళ్లింటికి పోయింది. వారం తిరక్కుండా వాళ్లు దాన్ని తెచ్చి వాకిట్లో పడేశారు. అది కప్పుకుని పడుకున్న పిల్ల రోజూ నిద్రలో లేచి గడప దాకా పోయి, బరువేదో లాగుతున్నట్టు చేతులు వెనక్కి పెట్టి నిలబడుతోందట. ఖాలా బొంత లోపలికి తెచ్చింది. వదినను పిలిపించి, ఆమె కుట్టిన పక్క దారం అంతా విప్పి, మళ్లీ కుట్టమంది. కుట్టాక అడిగింది. వదిన బెదిరిపోయి, "పడవ కట్టేశానండీ, ఇల్లు చేరాను" అంది. ఆ తర్వాత ఆ పిల్ల హాయిగా పడుకుందని వాళ్లే వచ్చి చెప్పారు. పిల్లకు నులిపురుగులు ఉండి ఉంటాయని నేనన్నాను. అన్నాను గానీ, మళ్లీ ఎన్నడూ ఆ మాట చెప్పకుండా చాప మీద నుంచి లేవలేదు.

ఇక సరోజ. చిన్న వయసు, పిల్లల్లేరు. భర్త వెదురు నరికే కూలీలకు మేస్త్రీ. అప్పటికి రెండేళ్ల కిందట, వానలు మొదలయ్యే ముందు, అడవిలో మిగిలిన కట్టలు చూసి వస్తానని పోయి మళ్లీ రాలేదు. ఊరంతా కలిసి వెతికితే గుడ్డ ముక్క కూడా దొరకలేదు. ఎలుగు చంపిందని కొందరు, వాగు తీసుకుపోయిందని కొందరు, గోదావరి అవతల ఎవరితోనో ఉన్నాడని ఇంకొందరు. సరోజ పుస్తెలు మెళ్లోనే ఉన్నాయి, బొట్టూ ఉంది. పేరంటాలకు మాత్రం ఎవరూ పిలవరు, ముండమోసిందని పక్కకూ పెట్టరు. రెండు ఇళ్ల మధ్య సందులో బతికినట్టుండేది ఆ పిల్ల బతుకు. ఆమె మామ మంచివాడు. శవం లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉంది కదా, అది చేసేస్తే ఈ పిల్లకు విడుదల అని ఆయన ఆలోచన. కానీ, బిడ్డా, నువ్వు సరే అంటేనే, అన్నాడట. సరోజ సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ ఎండాకాలమే బొంత మీద అడుగులు కనపడడం మొదలైంది. వాగు ఇసుకలో మీకంటే ముందు ఎవరో పోయిన్రు అంది ఖాలా. ఎవరు అంటే తెల్వదంది. మరో వారం ఇంకో దారిలో పోతుంటే అక్కడా అవే అడుగులు. మేము అడగకుండానే చెప్పేది, చెప్పి తనే ఆశ్చర్యపోయినట్టు సూది ఆపేది. ఒక ఆదివారం అడుగు ఆకారం చెప్పింది. టైరు చెప్పులు. ఎడమ కాలు ఈడుస్తున్నట్టు, ఇసుకలో చిన్న గీత.

సరోజ కుట్టడం ఆపింది. వెదురు కట్ట మీద పడ్డప్పటి నుంచి ఆమె భర్త ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. ఖాలా ఆమె మొహం చూసి, ఇయ్యాల చాలు అని బొంత మడిచేసింది. అందరం ‘చేరిన’ అన్నాక నేను వెనక ఆగి ఖాలాను గట్టిగానే అడిగాను. ఊళ్లో ఆ కుంటి నడక తెలియనివాళ్లు లేరు, ఆ పిల్ల పుండు మీద ఎందుకు కారం చల్లుతున్నావన్నాను. ఆమెకు కోపం రాలేదు. నేను జెప్పలె టీచరమ్మా, కనపడ్డది అంది. నేను నమ్మలేదు.

శ్రావణంలో ఒక శనివారం సరోజ అత్తమామలు వచ్చి, మళ్లీ అడిగి, సోమవారం జవాబు చెప్పమని చుట్టాలింట్లో ఆగారు. మధ్యలో ఆదివారం. ముసురు పట్టి ఉంది. రేకుల మీద వాన చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరికి జరగాల్సి వచ్చింది. సరోజ తన పక్కన కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, ఆ అడుగుల వెంబడి పోతానంది.

"గిది సోది గాదు బిడ్డా," అంది ఖాలా.

ఎరికె అంది సరోజ. నువ్వు నువ్వుగ పోవద్దు అంది ఖాలా. ఎంకన్నగనే పోత అంది సరోజ. ఖాలా చాలాసేపు పాన్ నమిలింది. కల్వర్టు వైపు ఒకసారి చూసింది. నాకు వద్దని చెప్పాలనిపించింది. కానీ రేపు జవాబు చెప్పాల్సింది ఆ పిల్ల, నేను కాదు కదా. నా పక్క అంచు సరిచేసుకున్నాను.

సూది బయటికి వచ్చింది. వాగు దాటాము. చీలిన బండ దాటాము. అడుగులు పైకి ఎక్కుతున్నాయి, వాన పడుతున్నా చెరగడం లేదు. వదిన తన పడవను బండ దగ్గర వదిలేస్తానంది, అన్ని నెలల్లో మొదటిసారి. వెదుళ్ల మధ్య ఆకుల పాక ఉంది. ముందర నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు ఎదుట ఒక మనిషి, మా వైపు వీపు పెట్టి కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. పక్కన చీలికల కుప్ప మనిషంత ఎత్తుంది. ఒక్కడు రెండేళ్లు ఆపకుండా చీలిస్తే అంత అవుతుందని నాకు నేనే లెక్క వేసుకుని, ఎందుకు వేశానా అనుకున్నాను. వానలో ఉన్నట్టుండి పచ్చి వెదురు వాసన వచ్చింది. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, అంటే ఆమెకూ వచ్చిందన్నమాట.

"ఎంకన్నా, ఏం జేస్తవ్?" అంది ఖాలా.

"పిలుస్త."

"ఏమని?"

మా వైపు భార్య భర్త పేరు పలకదు. ఇప్పటి పిల్లలకు వింతగా ఉండొచ్చు గానీ, సరోజ రేషను దుకాణంలో పేరు అడిగితే పక్కవాళ్లతో చెప్పించేది, పక్కన ఎవరూ లేకపోతే కార్డు చూపించేది. మనిషి పోయినప్పుడు ఊరంతా అడవిలో ఆ పేరు పెట్టి అరిచిందట, ఈమె ఒక్కతే అరవలేదు. ఏవండీ అనో, ఓ అనో కేక వేసి ఉంటుంది. అడవిలో అట్లాంటి కేక ఎవరికి? ఆ బాధ ఆమె నాకు ఎప్పుడో ఒకసారి చెప్పుకుంది. కానీ తేనె తీసే ఎంకన్నకు ఏం అడ్డం? ఎంకన్న ఎవరి పేరయినా పిలవొచ్చు.

సరోజ పిలిచింది. గట్టిగా కాదు. చేను గట్టు మీద నుంచి తోటివాడిని పిలిచినట్టు, చనువుగా, ఒకే ఒక్కసారి. ఆమె నోట ఆ పేరు వినడం నాకు అదే మొదలు. 

 ఖాలా చూపు బొంత మీద లేదు, సరోజ భుజం వెనక గోడ మీద ఉంది. చెయ్యి వెతుక్కుంటూ జర్దా డబ్బా మీదికి పోయింది. గవ్వలు తీసి సరోజ అరచేతిలో పోసింది.

"తిరుగుతడో తిరగడో నాకు తెల్వదు బిడ్డా. ఎయ్యి."

సరోజ వేసింది. అవి ఆగీ ఆగకముందే వాటి మీద చెయ్యి కప్పింది. మేము ముగ్గురం ఆ చేతిని చూస్తున్నాము. ఆమె చెయ్యి తియ్యలేదు.

"నీకే తెల్వకపోతే గవ్వలకేం తెలుస్తది ఖాలా," అంది నెమ్మదిగా. "నేను పిలిచిన. చాలు."

చూడకుండానే గవ్వలను గుప్పిట్లోకి ఎత్తి, డబ్బాలో పోసి, మూత పెట్టింది. ఖాలా ఇల్లు చేరినవా అని అడిగింది. సరోజ చేరిన అంది. వదిన పడవ తెచ్చుకోలేదని గుర్తుచేద్దామనుకున్నాను, మానేశాను.

సోమవారం పొద్దున్నే సరోజ మామ దగ్గరికి పోయి సరే అంది. దర్భల బొమ్మ చేసిన నాడు అయ్యవారు పోయినాయన పేరు చెప్పమంటే మామ ఏడుపు ఆపుకోలేక నోరు తెరవలేకపోయాడు. సరోజే ఆ పేరు చెప్పింది. ఆడవాళ్లు ఉలిక్కిపడి చూశారు. ఆమె తల దించలేదు.

ఖాలా ఆ తర్వాత ఆట ఆడించలేదు. మేము పోయి కూర్చుంటే కుట్టించుకునేది, చాయ్ ఇచ్చేది, వదిన పిల్లల చదువు సంగతులు అడిగేది. అడవి సంగతెత్తితే గవ్వలు పోయినయ్ అనేది. ఆమె అటు ఇటు కదిలినప్పుడు డబ్బాలో గవ్వలు చప్పుడు చేసేవి. సరోజ కొన్నాళ్లు హాస్టల్లో ఆయాగా చేసింది. తర్వాత సత్తుపల్లి దగ్గర భార్య పోయిన ఒకాయనకు ఇచ్చి మారుమనువు చేశారు. మంచి మనిషి, చక్కగా చూసుకున్నాడు, ఒక ఆడపిల్ల పుట్టింది. నాకూ బదిలీ అయింది.

పోయిన సంవత్సరం కొత్తగూడెంలో పని పడి, ఖాలా కొడుకు ఇంటికి పోయాను. కళ్లకు పొరలు కమ్మాయి, గొంతు పట్టి నన్ను గుర్తుపట్టింది. సూది లేదు, పాన్ కూడా మాన్పించారట. ఆ పెదవుల మధ్య ఏమీ లేకపోవడం నాకు కష్టమనిపించింది. చాయ్ తాగి, ఇన్నేళ్లుగా అడగనిది అడిగాను. ఆట ఎందుకు ఆపేశావు ఖాలా అన్నాను.

తప్పు చేసిన, అందుకు అంది. ఏం తప్పంటే, కోడలు లోపలికి పోయేదాకా ఆగింది.

"పేరు వినంగనే తిరిగిండు టీచరమ్మా. నేను గవ్వలు తియ్యకముందే. నాకు సాఫ్ కనపడ్డది. కనపడ్డంక గూడ తెల్వదని చెప్పి గవ్వలిచ్చిన."

ఎందుకని అడిగాను. ఎందుకో నాకు తెలుసు, అయినా అడిగాను. చెప్తే ఆ పిల్ల సచ్చేదాంక ఆ వాగు ఒడ్డునే కూసుంటుండె గద అంది. లోకం చెప్పేదాన్ని అబద్ధం చెప్పిన, ఇగ నా మాట మీద ఎవరు నడుస్తరు అంది. ఆ రోజు నుంచి అడవి ఒక్కపారి గూడ కనపడలేదట. కండ్లు మూసుకుంటే ఉత్త చీకటేనట.

ముసలితనపు మాటలని సర్దిచెప్పుకోవచ్చు. చెప్పుకునేదాన్నే, లేవబోతూ ఆ ఇంకో ప్రశ్న అడగకపోయి ఉంటే. ఆయన ఏమన్నా అన్నాడా అన్నాను.

"అన్నడు," అంది ఖాలా. "ఎంకన్నను చూసి, సరోజా అన్నడు."

ఆ మాటతోనే బస్సెక్కి ఇంటికి వచ్చాను.

మా అన్న కొడుకు సెలవులు అయిపోయి వెళ్లిన వారానికి ఖాలా చాలీస్వా వచ్చింది. అంటే నలభయ్యో రోజు. కొత్తగూడెం పోయాను. సరోజ కూడా వచ్చింది, సత్తుపల్లి నుంచి, కూతురిని వెంటబెట్టుకుని. ఒళ్లు చేసింది, చెవుల దగ్గర నెరిసింది, మొహంలో ఒక నిమ్మళం ఉంది. ఫాతెహా చదవడం అయ్యాక, అన్నాలు తిన్నాక, ఆడవాళ్లు కూర్చున్న గదిలో నా పక్కకు జరిగి కూర్చుంది. పిల్ల ఆమె ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయింది.

అప్పటి సంగతి ఆమే తెచ్చింది. మొదట్లో చాలా భయపడ్డానంది. పుస్తెలు తీసిననాడు, మళ్లీ కట్టించుకున్ననాడు, ఈ పిల్ల కడుపులో పడ్డనాడు, ఆయన ఎక్కడన్నా ఉన్నాడేమో, వస్తాడేమో అని. భయం వేసినప్పుడల్లా ఒకటే సంగతి గుర్తు చేసుకునేదట. ఖాలా ఆ రోజు గవ్వలు చేతికిచ్చింది. ఆయన నిజంగా అక్కడ ఉంటే ఖాలాకు తెలిసేది. తెలిస్తే చెప్పేది. తెలియలేదు కాబట్టే గవ్వలిచ్చింది. అక్కడ ఎవరూ లేరు, అది ఉత్త ఆట. ఆ ఒక్క నమ్మకం మీదే ఈ సంసారం కట్టుకున్నానంది.

పిల్ల నిద్రలో కదిలింది. సరోజ దాని వీపు జోకొట్టింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఖాలా ఎరికైనదానికి గవ్వలియ్యదు. గంతే గద టీచరమ్మా?"

ఇప్పుడు ఆమె నా మాట మీదే నడుస్తున్నదని నాకు తెలుసు.

"ఇయ్యదు," అన్నాను.